పుష్కర ఘాట్ మెట్ల మీద పడుకునే పెద్దాయన గురించి అడిగారు కదా

మీరు అడిగింది ఇది. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల పక్కన ఒక పెద్దాయన్ని ఏడాదిగా చూస్తున్నారు. రేషన్ బియ్యం, పింఛను, ఇళ్ల పట్టాలు అన్నీ ఇస్తున్న రోజుల్లో, అందులోనూ ఇంత పచ్చటి జిల్లాలో మనుషులు ఇంకా రోడ్డు మీద ఎందుకు పడుకుంటున్నారు, తాగుడా, బద్ధకమా, ఆయనకి డబ్బులిస్తే మంచి చేసినట్టా చెడగొట్టినట్టా అని. నేను ఇక్కడే పట్టణ పేదల పనిలో పదిహేడేళ్లు ఉన్నాను, అందులో తొమ్మిదేళ్లు ఒక రాత్రి వసతి కేంద్రం చూసుకున్నాను. అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తాగుడు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. తాగేవాళ్లు ఉన్నారు. కానీ నేను కూర్చుని మాట్లాడినవాళ్లలో చాలామంది రోడ్డు మీదికి వచ్చాక మొదలుపెట్టినవాళ్లే. దోమలు, కుక్కలు, అర్ధరాత్రి లేపేసే లాఠీ, తల కింద సంచి ఎవరు లాక్కుపోతారో అన్న భయం, వీటి మధ్య నిద్ర పట్టాలంటే ఇంకేం దారి ఉందమ్మా అని నన్నే అడిగారు. తాగుడు వల్ల ఇల్లు పోయినవాళ్లూ ఉన్నారు, కాదనను. మా వీధిలో రోజూ తాగొచ్చే ఒకాయనకి భార్య అన్నం మూత పెట్టి ఉంచుతుంది. అదే అలవాటున్న ఇంకొకాయనకి భార్య పోయింది, కొడుకు ఫోన్ ఎత్తడం మానేశాడు, ఆయన స్టేషన్ బయట ఉన్నాడు. ఇద్దరూ తాగేది ఒకే సీసా.

బద్ధకం అన్నమాట దయచేసి అనకండి. ఘాట్ మీద పడుకునే మనిషి తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఆ చోటు ఖాళీ చెయ్యాలి, కార్తీకమాసంలో అయితే మూడింటికే, స్నానాలకి జనం వచ్చేస్తారు. తరవాత సీసాలు, అట్టముక్కలు ఏరుకోవాలి, లేకపోతే పెళ్లిళ్లలో గిన్నెలు కడిగే పని దొరుకుతుందేమో అని కేటరింగ్ వాళ్ల దగ్గర నిలబడాలి. స్నానానికి, దొడ్డికి కూడా డబ్బులు కట్టాలి. అలా బతకడానికి పట్టే కష్టం మనం చేసే ఉద్యోగాల్లో ఉండదు.

మరి ఎందుకు వస్తారు? పదిహేడేళ్లలో నాకు అర్థమైంది ఒకటి. ఏ ఆఫీసుకి వెళ్లినా, ఏ ఆసుపత్రికి వెళ్లినా, సత్రానికి వెళ్లినా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడుంటారు? కూడా ఎవరొచ్చారు? ఈ రెండింటికీ జవాబు లేని మనిషి ఒక్కో వరసలోంచీ బయటికి జారిపోతూ ఉంటాడు. అలా జారడానికి ఒక్కోసారి పదేళ్లు పడుతుంది.

రోడ్డు మీదికి తెచ్చే మొదటి దారి పని. అక్కడ నేను ఎక్కువగా చూసిన మగవాళ్లు హోటల్ పనివాళ్లు. ఒకాయన కథ చెప్తాను, ఊరూ పేరూ వద్దు. పద్నాలుగో ఏట కోనసీమలోని ఊరు వదిలి వచ్చి టిఫిన్ హోటల్లో బల్లలు తుడిచే పనిలో చేరాడు. తరవాత సప్లయర్, తరవాత గ్రైండర్ దగ్గర, చివరికి దోశ మాస్టర్. రాత్రి బల్లలు దగ్గరికి లాగి వాటి మీదే పడక. జీతం తక్కువే, కానీ అన్నం, పడక అందులోనే కాబట్టి ఆయనకి లోటు తెలియలేదు. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో రేషన్ కార్డులోంచి పేరు ఎప్పుడో తీసేశారు, ఇక్కడ కార్డు పెట్టుకోవాలంటే అద్దిల్లు లేదు. నలభై ఏళ్లకు పైగా పొయ్యి ముందు నిలబడి మోకాళ్లు పోయాయి, కాళ్ల నరాలు ఉబ్బి పుళ్లు పడ్డాయి. అదే సమయంలో హోటల్ చేతులు మారింది. పాత యజమాని చెడ్డవాడేం కాదు, రెండు వేలు చేతిలో పెట్టి పంచెల చాపు ఇచ్చి దండం పెట్టాడు. అంతే, ఆ పూటతో పని, అన్నం, పడక మూడూ పోయాయి. ఊరెళ్తే అన్న కొడుకులు బాగానే చూశారట, నాలుగు రోజులు ఉన్నాడు, ఐదో రోజు కోడలు పిల్ల "బాబయ్యగారు ఎన్నాళ్లుంటారు?" అని వంటింట్లో మెల్లగా అడగడం వినిపించి, చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాడు. నేను చూసేసరికి ఆయన స్టేషన్ రోడ్డులో ఉన్నాడు, పుండులో పురుగు పడింది.

అలా పని చోటే పడక చోటు అయినవాళ్లని లెక్కేసుకోండి. లారీ క్లీనర్లు, లాడ్జి బాయ్‌లు, పెద్దిళ్లలో వంట చేసిపెట్టిన మామ్మలు, ఇటుక బట్టీల వాళ్లు, ఇసుక పడవల మీద పని చేసినవాళ్లు. ఒళ్లు సహకరించినంత కాలం వీళ్లు ఇల్లు లేనివాళ్లని ఎవరికీ తెలియదు, వాళ్లకే తెలియదు.

రెండో దారి ఏరు. బయటివాళ్లకి గోదావరి అంటే కొబ్బరి చెట్లు, పచ్చటి చేలు. ఏటి మధ్య లంకల్లో పుట్టినవాళ్లకి ఏటికోత అంటే ఏంటో తెలుసు. వరద తీశాక గట్టు కింద మట్టి జారుతుంది, తోట అంచు నుంచి ఒక వరస చెట్లు పోతాయి, మరుసటేడు ఇంకో వరస, ఆ తరవాత పశువుల పాక, చివరికి ఇల్లు. పట్టా కాయితం చేతిలోనే ఉంటుంది, భూమి నీళ్లలో ఉంటుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి, 2022 జులైలో 25 లక్షలు దాటాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి వస్తే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 2022లో అది 21 అడుగులు దాటేసింది. వరదకి పునరావాస కేంద్రం పెడతారు, పులిహోర పొట్లాలు వస్తాయి, బియ్యం, కందిపప్పు వస్తాయి, నీళ్లు తీసేశాక అందరూ వెనక్కి వెళ్తారు. కోతకి అలా ఏమీ ఉండదు, ఎందుకంటే అది ఒక్క రాత్రిలో జరగదు, టీవీలో రాదు. ఇల్లు పోయినవాళ్లు ముందు ఏటిగట్టు మీద గుడిసె వేసుకుంటారు, అది ఆక్రమణ కింద లెక్క, ఎప్పుడు లేపేస్తారో తెలియదు. అక్కడి నుంచి రావులపాలెమో రాజమండ్రో వచ్చి అద్దెకి దిగుతారు. ఇంట్లో సంపాదించే మనిషికి జబ్బు చేస్తే అద్దె ఆగిపోతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇదే పని సముద్రం చేస్తోంది, ఇళ్లే కాదు, గుళ్లూ రోడ్లూ కూడా పోయాయి. ఇలా వచ్చిన మనిషిని "మీది ఏ ఊరు" అని అడిగితే పేరు చెప్తాడు, ఆ ఊళ్లో ఆయన ఇల్లున్న చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి.

మూడోది రాయడానికి బాధగా ఉంటుంది. తల్లిదండ్రులు. ఉన్న ఇల్లూ, అరెకరం తోటా కొడుకు పేర దఖలు రాసేస్తారు, మనవడి చదువుకో కూతురి పెళ్లికో అమ్మేస్తారు, తరవాత నెలకొకరి ఇంట్లో వంతులు మొదలవుతాయి. ఒకరోజు అన్నవరమో ద్రాక్షారామమో దర్శనానికి తీసుకొచ్చి, ఇక్కడే కూర్చోమ్మా వస్తా అని చెప్పి వెళ్లినవాళ్లు తిరిగి రారు. ఆవిడ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటుంది, మావాడికి ఏమైందో అని కొడుకు గురించే టెన్షన్ పడుతుంది తప్ప తనని వదిలేశారని ఒప్పుకోదు. ఇలాంటివాళ్లు మీకు కనిపిస్తే 14567 ఎల్డర్ లైన్‌కి ఫోన్ చెయ్యండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, అర్జీ కాయితం మీద రాసిస్తే చాలు, లాయరు అక్కర్లేదు, నెలకి పది వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఉంది. వదిలేసి వెళ్లడం ఆ చట్టం కింద నేరం కూడా. ఇంకో మాట, ఇది చదివే పెద్దవాళ్లకి: పిల్లల పేర ఆస్తి రాస్తుంటే, నన్ను పోషించాలి అన్న షరతు దస్తావేజులో అక్షరాలా రాయించండి. ఆ ఒక్క వాక్యం ఉంటే రేపు ఆ దస్తావేజు రద్దు చేయించుకోవడం తేలిక. మావాడు అలాంటివాడు కాదు అనుకుని సిగ్గుపడి ఆ వాక్యం రాయించనివాళ్లని నేను చాలామందిని చూశాను.

పింఛను ఉందిగా అన్నారు. 2024 జులై నుంచి ముసలివాళ్లకి నెలకి 4,000 ఇస్తున్నారు, నిజమే, అది చాలామంది పెద్దవాళ్లని ఇళ్లల్లో నిలబెట్టింది, ఆ డబ్బు కోసమైనా గౌరవంగా చూసే ఇళ్లు నాకు తెలుసు. కానీ అది రేషన్ కార్డుకి, వార్డు సచివాలయంలో కుటుంబ మ్యాపింగ్‌కి, అంటే ఎవరు ఏ ఇంటివాళ్లో రాసుకున్న లెక్కకి ముడిపడి ఉంది. అర్హతని ఆరు రకాలుగా చూసే తనిఖీని సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటారు, దాని ప్రకారం కొడుకుకి కారున్నా, కరెంటు బిల్లు 300 యూనిట్లు దాటినా, అదే కార్డులో ఉన్న తండ్రికి రాదు. కొడుకు బయటికి గెంటేశాడు అని సిస్టమ్‌కి తెలియదు, దాని లెక్కలో తండ్రి ఇప్పటికీ ఆ కారున్న ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకటో తారీఖున గుమ్మం దగ్గరికొచ్చి చేతికివ్వడం చాలా మంచి పద్ధతి, గుమ్మం లేని మనిషిని ఎక్కడ వెతుకుతారో ఎవరూ రాసిపెట్టలేదు.

నాలుగో రకం మనుషుల్ని రైలు దింపుతుంది. మనది హౌరా–చెన్నై లైను. మతి చెడిన మనిషి ఒడిశాలోనో బెంగాల్లోనో బండెక్కి, సామర్లకోటలోనో రాజమండ్రిలోనో దించేస్తే ఇక్కడే ఉండిపోతాడు. భాష రాదు, గడ్డం పెరిగిపోయి ఉంటుంది, మనం పిచ్చివాడు అనేసి వదిలేస్తాం. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో స్పష్టంగా ఉంది, ఇలా తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుని ఆసుపత్రికి చేర్చాలి, ఇల్లు లేనివాళ్లకి కార్డు ఉన్నా లేకపోయినా వైద్యం ఉచితం. ఒకసారి నేనే ఒకావిడ్ని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్లో కూడా ఎవరున్నారు అన్నారు, నేనున్నాను అంటే మీరేమవుతారు అన్నారు. ఏమీ కాను అన్నందుకు మధ్యాహ్నం దాకా నిలబెట్టి పంపేశారు. తరవాత చట్టంలో ఆ పేజీ జిరాక్స్ తీయించి సంచిలో పెట్టుకు తిరిగాను, అది చూపిస్తే పని జరిగింది. ఆవిడకి మూడు నెలల మందుల తరవాత ఊరి పేరు గుర్తొచ్చింది. ఆధార్ కోసం వేలిముద్రలు తీసుకున్నప్పుడు ఇంతకుముందే నమోదై ఉందని తిరగ్గొడితే సంతోషపడాలి, ఎక్కడో ఒక ఇల్లుందన్నమాట, దాన్నిబట్టి కుటుంబాన్ని వెతకొచ్చు. ఇలా మందులిచ్చి ఇళ్లకి చేర్చే పనికే ముంబయి వైపు శ్రద్ధ సంస్థ పెట్టిన డాక్టర్ భరత్ వట్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. చెన్నైలో బాన్యన్ సంస్థ ఇంకో పని చేస్తోంది, వెనక్కి వెళ్లడానికి ఇల్లు లేని ఆడవాళ్లని నలుగురైదుగురిని కలిపి మామూలు వీధిలో అద్దింట్లో ఉంచుతారు, సాయంగా ఒక మనిషి ఉంటుంది. గేటుకి తాళం వేసిన హోము కంటే ఇదే నాకు సరైన దారి అనిపిస్తుంది.

ఇప్పుడు మనం, అంటే ఊరు, ఏం చేస్తున్నాం అన్నది. అన్నం పెడుతున్నాం. గోదావరి జిల్లాల్లో ఈ విషయంలో వంక పెట్టడానికి లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు పందొమ్మిదో శతాబ్దంలో వేళ కాని వేళ ఏరు దాటి వచ్చినవాళ్లకి పొయ్యి వెలిగించి వండి పెట్టిన నేల ఇది, అక్కడ ఏటి మీదుగా కాలువని దాటించే అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం. ఇవాళ్టికీ పుట్టినరోజంటే, తద్దినమంటే ఘాట్ దగ్గరికి పొట్లాలు తెచ్చేవాళ్లకి లోటు లేదు. శనివారం ఒక్కో మనిషికి ఐదారు పొట్లాలు వస్తాయి, తినలేక పారేస్తారు. మంగళవారం రాత్రి ఏమీ ఉండదు. ఐదు రూపాయల అన్న క్యాంటీన్ వచ్చాక ఈ తేడా కొంత సర్దుకుంది. నేను అడిగేది ఒకటే, సీతమ్మ గారి రోజుల్లో తిన్నవాళ్లకి పడుకోవడానికి వీధి అరుగు కూడా ఉండేది. ఇప్పుడు అరుగులు పోయి గ్రిల్లులు వచ్చాయి, సత్రంలో ఆధార్ లేకుండా గది ఇవ్వరు.

రెండోది లేపెయ్యడం. ఎవరో పెద్ద మనిషి వస్తున్నారంటే, పండగంటే, రాత్రికి రాత్రి వ్యాన్లు వస్తాయి. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు ముందు బిచ్చం అడుక్కునేవాళ్లని తీసుకెళ్లి జైలు ప్రాంగణంలో ఉంచడం అందరూ చూశారు. మన రాష్ట్రంలో 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది. ఇలాంటి చట్టంలోనే చాలా సెక్షన్లని 2018లో ఢిల్లీ హైకోర్టు అక్కడి వరకు కొట్టేసింది, 2021లో సుప్రీంకోర్టు బిచ్చగాళ్లని రోడ్ల మీద లేకుండా చెయ్యమంటే ఒప్పుకోలేదు, ఇది బతకలేక చేసేది అంది. వ్యాన్‌లో ఎక్కించి ఊరి బయట దించేస్తే ఆ మనిషి మూడో రోజుకి నడుచుకుంటూ వచ్చేస్తాడు, కానీ ఆ గొడవలో సంచి పోతుంది. సంచిలో ఆధార్, మందుల చీటీ, బ్యాంకు పుస్తకం ఉంటాయి. మేము ఆరు నెలలు తిరిగి చేయించిన కాయితాలు ఒక్క రాత్రిలో పోయిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్లన్నీ బాగు చేస్తారు, ఇప్పుడు ఘాట్ల మీద ఉన్నవాళ్లని ఎక్కడ ఉంచాలో ఇప్పుడే అనుకోకపోతే మళ్లీ వ్యాన్లే వస్తాయి. నాకున్న పెద్ద భయం అదే.

మూడోది రాత్రి వసతి కేంద్రాలు. 2009 డిసెంబరులో ఢిల్లీలో ఒక తాత్కాలిక షెల్టర్ పడగొట్టారు, చలిలో మనుషులు చచ్చిపోతున్నారని విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడి నుంచే దేశమంతటికీ ఆదేశాలు వచ్చాయి. పట్టణంలో ప్రతి లక్ష మందికి ఒక కేంద్రం, ఏడాది పొడుగునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. మన దగ్గర ఇది మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా నడుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో రాజమండ్రి మూడు లక్షల నలభై వేలు దాటింది, అంటే ఎన్ని ఉండాలో మీరే లెక్క వేసుకోండి. అదే లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలు అని తేలింది, ఫిబ్రవరి 28 ఒక్క రాత్రి తిరిగి లెక్కపెట్టారు. రాత్రి సర్వేలు నేనూ చేశాను, టార్చి వెయ్యగానే పోలీసులనుకుని లేచి వెళ్లిపోతారు, ఆడవాళ్లు అసలు కనిపించే చోట పడుకోరు.

కేంద్రం ఉన్నా ఎందుకు రారు అని అందరూ అడుగుతారు. రిక్షా ఎక్కడ పెట్టుకోవాలి? మొగుడూ పెళ్లాం విడివిడిగా పడుకోవాలా? తెల్లవారి మూడింటికి మార్కెట్లో హమాలీ పని ఉన్నవాడు గేటు తియ్యమంటే తీస్తారా? కుక్కని వదిలి రానన్న ఒక తాతగారి కోసం మేము వరండాలో గోనెసంచి వేశాం, ఆ తరవాత ఆయన మూడేళ్లు ఉన్నారు. ఢిల్లీకి చలి ఎలాగో మనకి మే నెల ఎండ అలాగ, రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట తలుపు తెరిచి ఉంచడం రాత్రి కంటే ముఖ్యం. ఇది రూలు పుస్తకం చూస్తే తెలియదు, వడదెబ్బ తగిలినవాళ్లని మోసుకొస్తే తెలుస్తుంది.

ఆ కేంద్రం వల్ల నిజంగా జరిగే మేలు పడక కంటే అడ్రసు. గుర్తింపు ఉన్న షెల్టర్ అధికారి రాసిచ్చిన సర్టిఫికెట్ ఆధార్‌కి చిరునామా రుజువుగా పనికొస్తుంది. ఆధార్ ఉంటే బ్యాంకు ఖాతా, తరవాత పింఛను అర్జీ. ఓటు సంగతి చాలామందికి తెలియదు: ఇల్లు లేని మనిషి ఫారం 6 ఇస్తే, చెప్పిన చోటే పడుకుంటున్నాడా లేదా అని బూత్ లెవల్ ఆఫీసరు రాత్రిపూట ఒకటికి రెండుసార్లు వచ్చి చూడాలి, చూసి నిజమంటే చిరునామాకి ఇంకే కాయితం అక్కర్లేదు. దోశ మాస్టర్ గారికి అలాగే చేయించాం. ఆఫీసరు రెండో రాత్రి వచ్చినప్పుడు ఆయన పడుకోకుండా చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది, ఇప్పుడు ఒక మెస్సులో కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు, పక్క సందులో ముగ్గురు కలిసి గది తీసుకున్నారు.

మీ ప్రశ్నకి వస్తాను. డబ్బులివ్వాలనిపిస్తే ఇవ్వండి, ఏం చేసుకుంటాడో అడగకండి, అది ఆయన ఇష్టం. దాంతో పాటు ఇంకో పని చెయ్యండి. సాయంత్రం హారతి అయిపోయి జనం పల్చబడ్డాక వెళ్లి, నిలబడి కాకుండా ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని, నా పేరు ఫలానా అండి, మీ పేరేంటండీ అని అడగండి. ఫోటో తియ్యకండి. మొదటి రోజు చెప్పకపోవచ్చు. నాలుగైదు రోజులు వెళ్తే ఏ ఊరో, ఏం పని చేసేవారో, కాయితాలు ఏమైనా ఉన్నాయో చెప్తారు. కాలికి పుండు గానీ, ఆగని దగ్గు గానీ ఉంటే ముందు ఆసుపత్రి, మీరు తోడు వెళ్లండి, కూడా ఎవరొచ్చారు అంటే మీ పేరు చెప్పండి. మాటలో తేడా అనిపిస్తే మానసిక ఆరోగ్యానికి ఉన్న 14416 టెలి మానస్‌ లైనుకి ఫోన్ చేసి ఏం చెయ్యాలో అడగండి. ఊరు పేరు చెప్తే మాత్రం తొందరపడి ఇంటికి ఫోన్ చెయ్యకండి, వెళ్తారా అని ముందు ఆయన్నే అడగండి. కొంతమంది వెళ్లరు, దానికి కారణం ఉంటుంది. ఆ వార్డు సచివాలయం ఏదో కనుక్కుని, ఆయన ఒప్పుకుంటే సోమవారం పదిన్నరకి అక్కడికి తీసుకెళ్లండి, పది గంటలకైతే ఎవరూ ఉండరు.